లోకల్ బాడీ

ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగులో కాపురం పెట్టిన మాటలు చాలా ఉన్నాయి. వాటిలో 'బాడీ' అంత చాకిరీ చేసే మాట ఇంకోటి నాకు కనబడలేదు. గుంతకల్లు స్టేషన్ రోడ్డులో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిస్తే చాలు. జిమ్ముకు పోయొచ్చే పిల్లోడు 'బాడీ పెంచినాడు'. టీ బంకు దగ్గర నిలబడిన ఓనరు కొత్త లారీకి 'బాడీ కట్టించినాడు'. బట్టలకొట్లో పెద్దావిడ గొంతు తగ్గించి 'బాడీలున్నాయా' అని అడుగుతుంది. క్లినిక్కు బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో సగం మందికి 'బాడీ పెయిన్స్'. రైల్వే పోలీస్ స్టేషన్ ముందర కానిస్టేబుల్ ఫోన్లో 'బాడీ ఇంకా ఎత్తలేదు సార్' అంటుంటాడు.

మాట పరాయిదైనా దాని పక్కన నిలబెట్టిన క్రియలన్నీ మనవే. ఇళ్ళకు వాడే 'కట్టు' లారీ బాడీకి ఇచ్చాం. చాసీ కంపెనీ నుంచి బోసిగా వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కొయ్య, ఇనుము పెట్టి బాడీ కట్టించాకే అది లారీ. పశువుకూ పైరుకూ వాడే 'పెంచు' కండలకు ఇచ్చాం. పాడెకు వాడే 'ఎత్తు' పోయినవాడి బాడీకి ఇచ్చాం. క్రియ వినబడితే చాలు, ఏ బాడీయో తెలిసిపోతుంది, ఎవరూ తికమకపడరు. ఆడవాళ్ళ లోదుస్తు సంగతి మరీ తమాషా. ఇంగ్లీషువాళ్ళు పూర్వం ఛాతీకి బిగించి తొడుక్కునే వస్త్రాన్ని శరీరానికి బహువచనమైన 'బాడీస్' అనే పిలిచారు. కాలక్రమంలో దాని స్పెల్లింగ్ మారి వేరే మాటయింది. మన బట్టలకొట్టు మాట మాత్రం నేరుగా మూలం దగ్గరికే పోయి కూర్చుంది.

ఈ మాటకు పాత ఇంగ్లీషు రూపం 'బోడిగ్'. దాని వెనక ఏముందో అక్కడి నిఘంటుకారులకే తేలలేదు. మనకు 'బొందితో కైలాసం' అన్న నానుడిలో 'బొంది' ఉంది కదా, 'బొందిలో ప్రాణం ఉండగా' అంటాం కదా, చెవికి దగ్గరగా ఉంది కదా అని చుట్టరికం కలపడానికి ఉబలాటపడేవాళ్ళు ఉంటారు. కలపొద్దు.

వార్తలు రాసి బతికినవాణ్ణి కాబట్టి నాకు ఈ బాడీలన్నిట్లో పోయినవాళ్ళ బాడీతోనే ఎక్కువ పని పడింది. గుంతకల్లు 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైంది. ముంబై–చెన్నై దారి, ధర్మవరం మీదుగా బెంగళూరు పోయే దారి, బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి పోయేది, డోన్, నంద్యాల మీదుగా గుంటూరు పోయేది, అన్నీ ఇక్కడికి వచ్చి చేరతాయి. ఈ కరువు సీమలో రైలెక్కేవాళ్ళలో పండగకూ పబ్బానికీ పోయేవాళ్ళకంటే పని కోసం పోయేవాళ్ళే ఎక్కువ. కోసిగి, ఆదోని వైపునుంచి మిరపకోతలకు గుంటూరు పోయేవాళ్ళు, బెంగళూరులో బేల్దారి పనికి పోయేవాళ్ళు, జనరల్ బోగీలో చోటు దొరక్క వాకిట్లో కాళ్ళు వేలాడేసుకొని కునుకు తీసేవాళ్ళు. పట్టాల పక్కన పడి ఉండేది సాధారణంగా వీళ్ళలో ఒకరే. అందుకే ఇక్కడ పనిచేసే విలేకరి పొద్దున్నే రైల్వే పోలీసులకు ఫోన్ చేయడం పళ్ళు తోముకోవడంతోపాటే అలవాటు చేసుకుంటాడు.

మున్సిపల్ ఎన్నికలు ఎప్పుడొస్తాయా అని అందరూ కాచుకొని ఉన్న రోజుల్లో, కొత్తగా చేరిన కుర్ర విలేకరి ఒకడు అలాగే ఫోన్ చేశాడు. 'లోకల్ బాడీ అన్నా, పెద్దగా ఏం లేదు' అని అవతలినుంచి జవాబు. మనవాడు నోటిఫికేషన్ వచ్చేసిందనుకొని ఎగిరి గంతేశాడు. పోలీసాయన లెక్కలో ఊరివాడైతే లోకల్ బాడీ, ఎవరో తెలియకపోతే అన్‌నోన్ బాడీ. రెండింటి వెనక ఉన్న పని వేరు. లోకల్ అయితే చుట్టాలొచ్చి సంతకం పెట్టి తీసుకుపోతారు. అన్‌నోన్ అయితే మార్చురీలో పెట్టించాలి, ఫోటోలు తీయించాలి, చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ కబురు పెట్టాలి, ఎవరూ రాకపోతే పూడ్చిపెట్టే పనీ తనే చూసుకోవాలి. స్థానిక సంస్థలకు ఇంగ్లీషులో అదే పేరు ఉండటం ఆయన తప్పు కాదు. ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ ప్రెస్‌క్లబ్బులో లోకల్ బాడీ అనే పిలుస్తారు.

కానిస్టేబుల్ నోట్లో అందరికీ ఒకటే అయిన ఈ బాడీ తెలుగు పేపర్లోకి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. ఎవరో ఏమిటో తెలియనివాడు పట్టాల పక్కన పడి ఉంటే 'శవం లభ్యం'. ఊరూ పేరూ తెలిస్తే 'మృతదేహం'. ఊళ్ళో నలుగురికీ తెలిసిన మాస్టారో, డాక్టరో అయితే 'భౌతికకాయం'. మాజీ మంత్రి అయితే 'పార్థివదేహం'. ఎంత పేరున్నవాడైనా చెరువులో తేలితే మళ్ళీ 'శవం' దాకా దిగజారే ప్రమాదం ఉంది. పశువైతే 'కళేబరం'. క్రియల్లోనూ ఇదే వరస. కూలీ 'మృతి చెందాడు'. కొట్టున్నవాడు 'మృతి చెందారు'. నాయకుడు 'కన్నుమూశారు'. మహానుభావుడు 'అస్తమించారు'. ఒక్క 'డు'కీ 'రు'కీ మధ్య ఎంత ఆస్తి ఉందో తెలుగువాడికే తెలుస్తుంది. ఇంగ్లీషు పేపరువాడికి ఈ బాధ లేదు, వాడి 'డైడ్' కలెక్టరుకూ కళాసీకీ ఒకటే.

ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. డెస్కులో చేరిన కొన్నాళ్ళకు వేళ్ళకు పట్టేస్తుంది, అంతే. 1989లో ఈనాడు జిల్లాకో అనుబంధం మొదలుపెట్టి, తర్వాత మిగతా పత్రికలూ ఆ దారి పట్టాక పల్లెల్లోని చావులు కూడా అచ్చులోకి వచ్చాయి. అంతకుముందు రాజధాని పేజీల్లో చోటు దొరికేది పెద్దవాళ్ళ చావులకే. చిన్నవాళ్ళు కూడా పేపర్లోకి వచ్చాకే వాళ్ళను పెద్దవాళ్ళనుంచి విడదీసే మాటల అవసరం గట్టిగా పడిందని నా అనుమానం. ఊళ్ళో శ్మశానాలు కులానికొకటి ఉన్నట్టు అచ్చులో చావుకు తరగతులు ఏర్పడ్డాయి.

ఈ వరసలో నన్ను ఎక్కువ నవ్వించేది భౌతికకాయం. మాట విడదీసి చూస్తే అందులో చావన్నదే లేదు. భౌతికమైన కాయం, అంటే కంటికి కనబడే ఒళ్ళు. ఈ కాలమ్ చదువుతున్న మీకూ ఉంది, రాస్తున్న నాకూ ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆత్మనుంచీ మనసునుంచీ వేరుచేసి చెప్పాల్సినప్పుడు వాడే 'ఫిజికల్ బాడీ' అన్న జంటమాటకు ఇది అచ్చు గుద్దినట్టు సరిపోయే అనువాదం. కానీ పేపర్లు దీన్ని పూలదండల మధ్య పడుకోబెట్టాయి. ఇప్పుడు బతికున్న మనిషికి వాడితే తిట్టినట్టే. యోగా శిబిరంవాళ్ళు పంచిన కరపత్రం ఒకటి నా చేతికొచ్చింది. ఏ ఇంగ్లీషు పుస్తకంలోంచో మాటకు మాట తెచ్చి పెట్టినట్టున్నారు. రోజూ ఉదయం మీ భౌతికకాయాన్ని అరగంట ఎండలో ఉంచండి అని ఉంది అందులో. నిఘంటువు ప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. చదివిన మా పక్కింటి రిటైర్డ్ గార్డుగారు మాత్రం, 'ఉంచేది నేనా, మా వాళ్ళా?' అని అడిగారు.

పార్థివదేహానిది ఇంకా పెద్ద కథ. పృథివి నుంచి వచ్చింది పార్థివం. మట్టికి చెందినదని అర్థం. భూమిని ఏలేవాడు కాబట్టి సంస్కృతంలో రాజునూ పార్థివుడన్నారు. డెస్కువాళ్ళకు ఈ రెండో అర్థం చూచాయగా ఎక్కడో తగిలి ఉంటుంది, ప్రముఖులకు కేటాయించేశారు. మొదటి అర్థం గుర్తుంటే అనాథ శవానికి వాడాల్సిన మాట అదే. మట్టి కంటే అందరికీ సమానమైనది ఇంకేముంది?

మా సీమలో అందరికంటే పేరుమోసిన బాడీ గుత్తిలో ఉండేది. గుంతకల్లు నుంచి రైల్లో అరగంట దూరం. ఈ సీమ ఉన్న దత్త మండలాలకు 1800 నుంచి ఏడేళ్ళపాటు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, ఇంగ్లండు వెళ్ళిపోయేముందు పాత జిల్లాలను చివరిసారి చూసుకుందామని బయల్దేరాడు. దారిలో పత్తికొండ దగ్గర కలరా సోకి 1827 జూలై 6న పోయాడు. గుత్తికి తెచ్చి పాతిపెట్టారు. 1831లో ఆయన అవశేషాలను తవ్వి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సీమ ఇది, ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ అదే కలరాకు ఆ ఏడు ఈ ఊళ్ళల్లో ఇంకెవరెవరు పోయారో, వాళ్ళను ఎక్కడ పూడ్చారో చెప్పే రాయి ఒక్కటీ నేను చూడలేదు. ఇప్పటి సబ్-ఎడిటరు ఆ వార్త రాయాల్సి వస్తే దొరది పార్థివదేహం, ఆయన పల్లకీ మోసిన బోయీది శవం. రోగం ఒకటే.

ఇళ్ళల్లో మాత్రం ఈ పేపరు మాటలేవీ పలకవు. చావు కబురు అందిన ఇంటికి వెళ్ళి చెవిపెట్టి వినండి. పొద్దున దాకా పేరుపెట్టి పిలిచిన తమ్ముడి గురించి అన్న ఫోన్లో 'బాడీ ఎప్పుడిస్తారు సార్?' అని అడుగుతాడు. వింటే మొదట కటువుగా తోస్తుంది. ఇంకే మాట వాడమంటారు అతన్ని? శవం అనడానికి నోరు రాదు. పీనుగ మా వైపు తిట్టుగా మారి చాలాకాలమైంది. మృతదేహం అచ్చులో ఉండే మాట, నోటితో ఎవరూ అనరు. పేరుపెట్టి 'వాణ్ణెప్పుడు ఇస్తారు' అందామంటే గొంతు పెగలదు. అప్పుడు ఈ పరాయి మాట అక్కరకొస్తుంది. దానికి మన ఇళ్ళల్లో జ్ఞాపకాలు లేవు, మైల లేదు, తిట్టు లేదు. ఎవరిదీ కాని మాట కాబట్టే అనగలిగాడు. కడప, రాయచోటి, కదిరి వైపు కువైట్‌కు మనుషుల్ని పంపిన ఇళ్ళల్లో 'బాడీ ఎప్పుడొస్తాది' అన్న ప్రశ్న వారాల తరబడి నడుస్తుంది. అక్కడి కాగితాలన్నీ తెమిలి, విమానంలో పెట్టె వచ్చేదాకా ఇంట్లో ఆ మాటే. అమెరికాలో పిల్లలు పోయినప్పుడు అక్కడి తెలుగు సంఘం తానావాళ్ళకు ఫోన్ చేసే తల్లిదండ్రులూ అదే మాట అంటారు. ముసలివాళ్ళు ఇంకో ఉపాయం కనిపెట్టారు: నామవాచకాన్నే ఎగరగొట్టేస్తారు. 'తెచ్చినారా?' 'ఎప్పుడెత్తుతారప్పా?' ఎవర్ని, దేన్ని అని ఎవరూ అడగరు. తెలుగులో ఇంత మర్యాదైన వాక్యం నాకు ఇంకోటి తెలీదు.

ఇంగ్లీషు మాటకు లేని అమరిక మనకొకటి ఉంది. ఒళ్ళు అనే మాట బతికున్నవాళ్ళకే చెల్లుతుంది. ఒళ్ళు మండుతుంది, ఒళ్ళు జలదరిస్తుంది, ఒళ్ళు వంచడు, ఒళ్ళు దాచుకోడు, ఒళ్ళు తెలియకుండా తాగుతాడు, ఒంట్లో నలతగా ఉంటుంది. చలనమో, స్పృహో, పొగరో, నొప్పో, ఏదో ఒకటి ఉండాలి దానికి. మనిషి పోతున్నప్పుడు అరికాళ్ళు తడిమి 'ఒళ్ళు చల్లబడింది' అంటారు. ఆ మనిషికి సంబంధించి ఆ మాట వాడటం అదే ఆఖరు. మర్నాటినుంచి ఇంకేదైనా అంటారు గానీ ఒళ్ళు అనరు. ఇంగ్లీషు బాడీ అలాంటి గీత గీయదు. కుస్తీ పట్టేవాడిదీ అదే, మార్చురీలో ఉన్నవాడిదీ అదే. మందు కంపెనీల ఇంగ్లీషు కాపీని తెలుగు చేసేవాళ్ళు ఈ తేడా పట్టించుకోకుండా ప్రతిచోటా 'శరీరం' అని పెట్టుకుపోతారు. ఒళ్ళు నొప్పులని అందరూ అనేదాన్ని శరీర నొప్పులని రాస్తే అది మందు సీసా మీద తప్ప ఇంకెక్కడా బతకదు.

చట్టానికీ బాడీతోనే పని, బతికున్నా పోయినా. పోలీసులు మనిషిని పట్టుకుపోయి ఆచూకీ చెప్పకపోతే హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్లో 'కార్పస్' అంటే లాటిన్‌లో శరీరమే. ఆ మనిషిని ఒంటితో సహా తెచ్చి నా ముందు నిలబెట్టమంటుంది కోర్టు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, ఆ పిటిషనే వినక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పు చెబితే ఐదుగురు జడ్జీల్లో హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. పోయినవాళ్ళ విషయానికొస్తే, అసహజ మరణమైతే శవ పంచనామా జరగాలి. మొన్నటిదాకా అది సీఆర్‌పీసీలో 174వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. నంబరు మారినా స్టేషన్లలో నోటికి అలవాటైన నూటడెబ్బైనాలుగు ఇంకా పోలేదు.

ఈ పంచనామా కాగితం ఉంది చూశారూ, తెలుగు వచనంలో నాకు దానిమీద చాలా గౌరవం. అక్షరదోషాలు ఉంటాయి, వాక్యాలు మూరెడు సాగుతాయి. కానీ అందులో అలంకారానికి పెట్టిన విశేషణాలు ఉండవు. వయసు సుమారు 45, ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, చామనచాయ, కుడి మోకాలి కింద పాత గాయం మచ్చ, ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, దాంట్లో ఒక పేరు, నడుముకు నల్లటి మొలతాడు, నీలం గళ్ళ చొక్కా, కాలరు లోపల టైలర్ లేబుల్. ఆ లేబుల్ దగ్గర రాసేవాడు ఆగుతాడు. కాలరు తిప్పి, వెలుతురులోకి పట్టుకొని, దాని మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివి రాసుకుంటాడు. కొట్టు పేరు, దాని కింద ఊరు పేరు. ఆదోని అనో, రాయచూరు అనో, కళ్యాణదుర్గం అనో ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆ ఊరి స్టేషన్‌కు ఫోన్ పోతుంది, వాళ్ళు టైలర్ దగ్గరికి పోతారు, గళ్ళగుడ్డ చూసి అతను ఎవరికి కుట్టాడో చెప్పిన సందర్భాలున్నాయి. అన్‌నోన్ బాడీ లోకల్ బాడీ అయ్యేది అక్కడే. ఇప్పుడు అందరూ రెడీమేడ్ చొక్కాలే. కాలరు తిప్పితే కంపెనీ పేరు, సైజు, ఎట్లా ఉతకాలో ఇంగ్లీషులో సలహా ఉంటాయి, ఊరు పేరు ఉండదు. సెల్‌ఫోన్ ఉంటే సరే. అదే ముందు మాయమవుతుంది.

నేను డెస్కులో ఉన్నన్నాళ్ళూ ఈ వివరాలను కోయడమే సబ్-ఎడిటర్ల మొదటి పని. చోటు లేదు కదా. 'గుర్తు తెలియని వ్యక్తి మృతి' అని శీర్షిక పెట్టి, ఏ బండి కిందో ఏ కిలోమీటరు రాయి దగ్గరో ఉంచి, మోకాలి మచ్చనూ పచ్చబొట్టునూ కొట్టేస్తారు. రైలు పేరు తెలిసి ఎవరికి ఉపయోగం? ఎక్కడో ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళకు కావలసింది మచ్చ. అదే పేజీలో పై భాగాన మూడు కాలమ్‌ల భౌతికకాయం, దాని దగ్గర పూలమాలలు వేసినవాళ్ళ పేర్లు ఇరవై, ఒక్కటి కొట్టేసినా మర్నాడు ఫోన్లు.

కాబట్టి పేపర్లవాళ్ళను నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. మాట్లాడేటప్పుడు బాడీ అనేది ఉండనివ్వండి, దాని పని అది చేస్తోంది. అచ్చులో మాత్రం అందరికీ మృతదేహం ఒక్కటే రాయండి, మంత్రికైనా మిరపకూలీకైనా. పార్థివాలూ భౌతికాలూ సంతాప సభల బ్యానర్లకు వదిలేయండి. 'రు' అందరికీ పెట్టండి, ఒక్క అక్షరానికి పెరిగే చోటు ఏమీ లేదు. మిగిలిన చోటు పచ్చబొట్టుకు ఇవ్వండి. గుంతకల్లు దగ్గర పడినవాడు రాయచూరువాడో బళ్ళారివాడో అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి సరిహద్దు అవతలి కన్నడ పేపర్లకు కూడా ఆ నాలుగు లైన్లు, ఫోటో పంపండి. వాట్సాప్‌లో నిమిషం పని.

చదివేవాళ్ళకూ ఒక మాట. జిల్లా పేజీలో కింద మూలన ఆ చిన్న డబ్బా వార్త కనబడితే పేజీ తిప్పేయకండి. చొక్కా రంగు, మచ్చ, పచ్చబొట్టులో పేరు, ఉంటే టైలర్ ఊరు, చివరిదాకా చదవండి. మీకు తెలిసినవాళ్ళ తాలూకు అనిపిస్తే అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. ఆ వార్త వేసేది అందుకే.